ఏ కొండకి మొక్కావు వదినా? సాడిల్ పీక్ ఎక్కిన కథ

మోకాలికి ఆపరేషన్ తప్పదని, ఆ తరువాత ఎత్తులు ఎక్కే ఆలోచనే పెట్టుకోవద్దని పోర్ట్ బ్లెయిర్‌లో డాక్టరు గారు చెప్పిన సాయంత్రం, ఆటోలో కూర్చోగానే మా వదిన అన్న మొదటి మాట: "అయితే కొండ ఇప్పుడే ఎక్కీయాలమ్మీ." నేను ఆవిడ వైపు చూశాను. అరవై దాటిన మనిషి, అప్పుడే స్కూలు నుంచి రిటైరయింది, ఇంటి గడప దాటడానికి కూడా తలుపు పట్టుకుంటోంది. ఏ కొండ అని నేను అడగలేదు. మా ఇంట్లో ఆ ప్రశ్న వయసు నలభై ఏళ్ళకు దగ్గర పడుతోంది. అందుకే ఈ ప్రయాణం ఎలా చేయాలో చెప్పే ముందు ఎందుకు చేశామో చెప్పాలి.

మా నాన్న శ్రీకాకుళం నుంచి అండమాన్ వచ్చిన వడ్రంగి. స్వాతంత్ర్యం తరువాత ఉత్తర అండమాన్‌లో అడవి కొట్టి కొత్త ఊళ్ళు వేస్తున్న రోజులవి. స్కూళ్ళకు బల్లలు, ఆఫీసులకు తలుపులు చేస్తూ డిగ్లీపూర్ దగ్గర ఏరియల్ బే అనే రేవు ఊళ్ళో స్థిరపడ్డాడు. నేను అక్కడే పుట్టాను. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పక్కింట్లో బెంగాలీ. ఇప్పుడు నేనుండేది పోర్ట్ బ్లెయిర్ బతు బస్తీలో. నాకు తెలుగు రాయడం నేర్పింది మా అన్నయ్య పెళ్ళాం అప్పలనర్సమ్మ వదినే కాబట్టి, దీనిలో ఒత్తులు తప్పితే ఆవిడనే అడగండి.

ఆవిడ కొత్త కోడలుగా మా ఇంటికి వచ్చినప్పుడు నాకు పదేళ్ళుంటాయేమో. ఒకరోజు దేవుడి దగ్గర దీపం చూసి "వదినా, దీపం ఆరిపోయింది" అన్నాను. ఆవిడ నా నోటి మీద చెయ్యి పెట్టేసింది. "తప్పు. అలగ అనకూడదు. దీపం కొండెక్కింది అనాలి." ఏ కొండ అని అడిగాను. "ఏదో కొండ. అడక్కు." మా వంటింటి కిటికీలోంచి కనబడే కొండ ఒక్కటే, సాడిల్ పీక్. మా ఊళ్ళో ఆరిన దీపాలన్నీ అక్కడికి వెళ్ళి చేరతాయని నేను చాలా ఏళ్ళు నమ్మాను. ఇప్పటికీ పూర్తిగా నమ్మకం పోలేదు, చెప్పొద్దూ.

ఆ తరువాత రెండేళ్ళకేమో, అన్నయ్య ఇంజిను చూసుకునే చేపల బోటు గాలివానలో తిరిగి రాలేదు. రోజులు గడిచాయి. వదిన జెట్టీ మీద నిలబడి, ఎదురుగా ఉన్న దాన్ని చూస్తూ, "ఆయన ఒడ్డుకొస్తే కొండెక్కి దీపం పెడతాను స్వామీ" అని మొక్కింది. ఇంజిను చెడి కొట్టుకుపోయిన బోటును, సాడిల్ పీక్ శిఖరం కనబడిన వైపుకి టార్పాలిన్ కట్టి, తెడ్లు వేసి ఎలాగో తెచ్చుకున్నారు. అన్నయ్య ఇంటికొచ్చాడు. ఇక మొక్కు సంగతి. ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో ఉత్తినే "కొండ" అంటే సింహాచలమే. మా అమ్మ తేల్చేసింది: "కొండంటే అప్పన్న కొండ కాక ఇంకేటి?" ఓడెక్కి విశాఖపట్నం వెళ్ళారు, మెట్లన్నీ ఎక్కారు, దీపం పెట్టారు. తిరిగొచ్చి జెట్టీలో దిగిన వదిన తలెత్తి చూసి ఆగిపోయిందట. ఎదురుగా సాడిల్ పీక్. తాను చూసి మొక్కింది దీన్ని కదా. అప్పటి నుంచి పిల్లలకు జ్వరమొచ్చినా, ట్రాన్స్‌ఫర్ ఆగినా, చివరికి పాలు విరిగినా ఆవిడకి అదే అనుమానం. పిల్లల పెంపకం, ఉద్యోగం, రంగత్‌కి బదిలీ, ఇలా ఏడాదికేడాది వాయిదా పడుతూ వచ్చి ఇప్పుడు మోకాలి దగ్గర ఆగింది. ఎక్కితే ఈ నెలలో ఎక్కాలి, లేకపోతే ఇక లేదు.

ఇక దారి. పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్‌కి బస్సులు తెల్లవారకముందే బయలుదేరతాయి. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలన్నీ కాన్వాయ్‌గా కట్టి, జరావా ఆదివాసుల అడవి గుండా పోలీసు బండి వెనకాల పంపిస్తారు. అక్కడ బండి ఆపకూడదు, ఫోటోలు తీయకూడదు. కెమెరా సంచిలోనే ఉంచండి, ఆ అడవి వాళ్ళది. తరువాత బారాటాంగ్ దగ్గర బస్సుతో సహా పడవ మీద దాటాలి. ఒకే రోజులో డిగ్లీపూర్ చేరవచ్చు గానీ నడుము పడిపోతుంది. నేనూ వదినా రంగత్‌లో దిగి, వాళ్ళింట్లో రాత్రి పడుకుని, మర్నాడు అన్నయ్యతో ముగ్గురం కలిసి వెళ్ళాం. బస్సు టిక్కెట్టు పెద్ద ఖర్చేం కాదు. అసలు ఖర్చు డిగ్లీపూర్ నుంచి కాలీపూర్ బీచికి జీపు. బస్సు కూడా ఉంది కానీ, అది ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. జీపు డ్రైవరు వదిన చేతికర్ర చూసి, "ఆంటీజీ, తాబేళ్ళు చూడ్డానికా?" అని హిందీలో అడిగాడు. కాలీపూర్ బీచికి గుడ్లు పెట్టడానికి తాబేళ్ళు వస్తాయి, జనం వాటికోసమే వస్తారు. "కాదు భయ్యా, పైకెక్కడానికి" అంది వదిన. అతను అద్దంలోంచి అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య, "నా వైపు చూడకు భాయ్, నేను లగేజీని" అన్నాడు.

అన్నయ్య ఎక్కనని ముందే చెప్పేశాడు. "నాకోసం మొక్కింది తను. నేనూ ఎక్కీసేననుకో, లెక్క బరాబర్ అయిపోయి మొక్కు చెల్లదు" అని ఒక వాదన. అసలు కారణం జలగలు. సముద్రంలో అన్ని రోజులు కొట్టుకుపోయి వచ్చిన మనిషికి జలగంటే ప్రాణం మీదికొస్తుంది. మేం దిగిన గెస్ట్ హౌస్ వంటమనిషి బెంగాలీ దీదీ, రాత్రే చెప్పి పెట్టుకుంటే తెల్లవారుజామున పూరీలు, బంగాళాదుంప కూర కట్టిచ్చింది. మీరు వెళ్ళినా అలాగే చేయండి. దారిలో టీ కొట్టు కాదు కదా, మంచినీళ్ళు కూడా సగం దారి తరువాత దొరకవు.

లామియా బే దగ్గర అటవీ శాఖ చెక్‌పోస్టు ఉంది. ప్రవేశ రుసుము కట్టి, గైడును తీసుకుని వెళ్ళాలి. రేట్లు మారుతుంటాయి కాబట్టి ముందురోజే కనుక్కోండి. మాకు దొరికిన గైడు సుకుమార్ భయ్యా, నలభై ఏళ్ళ మనిషి, బక్కపలచగా ఉంటాడు, మాట కూడా అంతే పొదుపు. చెక్‌పోస్టు గార్డు మా సంచి తెరిచి ప్లాస్టిక్ సీసాలు చూసి రాసుకున్నాడు. ఎన్ని తీసుకెళితే అన్నీ తిరిగి తేవాలి. తరువాత వదిన సంచిలోంచి ఒక్కొక్కటే బయటికి తీశాడు: ఇత్తడి దీపం, వత్తులు, నూనె సీసా, అగ్గిపెట్టె.

"మాచిస్ నహీ చలేగా దీదీ. ఇది నేషనల్ పార్క్. పైన నిప్పు పూరా బంద్" అన్నాడు.

వదిన ముఖం పాలిపోయింది. మొక్కింది దీపానికి. దీపం లేకుండా కొండెక్కి ఏం చేయాలి? గార్డుకి హిందీలో, తరువాత తెలుగులో, ఆఖరికి టీచరు గొంతుతో కూడా చెప్పి చూసింది. అతను మంచివాడే కానీ ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు ఆ అడవికి. నాకు చిన్నప్పటి సంగతి గుర్తొచ్చి, "వదినా, వెలగని దీపాన్ని ఏమంటారు?" అని అడిగాను. ఆవిడ కోపంగా చూసింది. "ఆరిపోయింది అనకూడదు కదా, నువ్వే నేర్పావు. వెలగకుండా తీసుకెళ్దాం. దీపం కొండెక్కుతుంది" అన్నాను. ఒక్క క్షణం ఆగి, వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. నూనె, అగ్గిపెట్టె సాగనంపడానికి వచ్చిన అన్నయ్య చేతిలో పెట్టి, ఖాళీ దీపం చీరకొంగులో మూట కట్టుకుంది. అవును, చీరే. సల్వార్ వేసుకోమని నేను రంగత్‌లోనే చెప్పాను. "మొక్కింది చీరలో" అని జవాబు.

సుకుమార్ భయ్యా బయలుదేరే ముందు ఒక్కటే షరతు పెట్టాడు. మధ్యాహ్నం పన్నెండుకి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరగాలి, శిఖరం పది అడుగుల దూరంలో ఉన్నా సరే. కారణం సముద్రం. దారిలో సగం దాకా బీచి పక్కనే, రాళ్ళ మీదుగా సాగుతుంది. సాయంత్రం ఆటుపోటులో నీళ్ళు పెరిగితే ఆ రాళ్ళు మునిగిపోతాయి. పైగా చిన్న చిన్న వాగులు సముద్రంలో కలిసే చోట మొసలి భయం. మా దీవుల్లో సూర్యుడు తొందరపడి లేస్తాడు, అంతే తొందరగా ఐదింటికే పోతాడు. చీకటి పడితే ఆ అడవిలో చెయ్యి చూసుకున్నా కనబడదు. గైడు లేకుండా వెళ్ళి, దిగేటప్పుడు వాగును దారి అనుకుని రాత్రంతా దోమలకు విందు చేసిన కుర్రాళ్ళ కథలు చెక్‌పోస్టులో అడగండి, తనివి తీరా చెబుతారు.

మొదటి సగం పండగే. ఎడమ చేతి వైపు సముద్రం, కుడి వైపు అడవి. పొద్దున్నే నీరెండ, కాళ్ళ కింద గులకరాళ్ళు గలగలమంటాయి. సుకుమార్ భయ్యాని కదిపితే మెల్లగా మాట్లాడాడు. వాళ్ళ తాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి ఇక్కడ దిగినప్పుడు పొలం అని చూపించినది అడివట. ఏనుగులు దుంగలు లాగేవి, వీళ్ళు మొద్దులు కాల్చి వరి చల్లుకునేవాళ్ళు. గడియారం లేదు, రేడియో లేదు. కొండ తలమీద మబ్బు కూర్చుంటే పడవలు నీళ్ళలోకి దించేవాళ్ళు కాదు. అంతకు ముందు, తెల్లదొరలు ఓడల మీంచి చూసి, రెండు శిఖరాల మధ్య వంపు గుర్రపు జీనులా ఉందని సాడిల్ అని పేరు పెట్టారంటారు. గుర్రాన్ని ఎన్నడూ చూడని మా ఊరి పిల్లలం జీను అంటే ఏమిటో ఈ కొండను చూసే తెలుసుకున్నాం. ఎత్తు ఏడు వందల ముప్పై రెండు మీటర్లు. హిమాలయాలు ఎక్కినవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. అక్కడ బస్సు సగం ఎత్తుకి తీసుకెళ్ళి దించుతుంది. ఇక్కడ మీరు చెప్పులు తడిసేచోట మొదలుపెట్టాలి, ఒక్క మీటరు కూడా ఎవరూ తగ్గించి ఇవ్వరు. అండమాన్ నికోబార్ మొత్తంలో ఇంతకన్నా ఎత్తు లేదు.

బీచి వదిలి అడవిలోకి మళ్ళిన దగ్గర నుంచి అసలు కథ. దారి నిట్టనిలువుగా లేస్తుంది. మెట్లుండవు, చెట్ల వేళ్ళే మెట్లు. అవి కూడా తడిగా, నాచు పట్టి ఉంటాయి. గాలి ఆడదు, ఒళ్ళంతా చెమట. కాసేపటికి సుకుమార్ భయ్యా వదిన కాలు చూపించి, "దీదీ, జోంక్" అన్నాడు. జోంక్ అంటే జలగ. మడమ మీద రెండున్నాయి. నేను ఉప్పు మూట తీసి రాశాను, అవి ముడుచుకుని రాలిపడ్డాయి. వదిన కిందికి చూసి, "జోంక్ పట్టింది గాని నాకు జంకు పట్టలేదని చెప్పు ఈ భయ్యాకి" అంది. జంకు అంటే ఏమిటో హిందీలో వివరించడానికి నాకు పది అడుగులు పట్టింది. అంతా విని ఆయన గంభీరంగా, "జంకు మత్ కరో" అన్నాడు, జంకొద్దని. కొత్త భాష పుట్టింది.

కానీ మోకాలికి పరాచికాలు తెలియవు. ఒక పెద్ద చెట్టు వేళ్ళ దగ్గర వదిన కూర్చుండిపోయింది. పెదవులు బిగపట్టింది, కళ్ళలో నీళ్ళు. పైన చూస్తే ఆకుల సందుల్లో మబ్బు దిగుతోంది. టైము పదకొండు దాటింది. సుకుమార్ భయ్యా నన్ను పక్కకి పిలిచి, "వాపస్ చలేఁ?" అని నెమ్మదిగా అడిగాడు. నిజం చెప్పాలంటే నాకూ వెనక్కి పోదామనే ఉంది. అన్నయ్యకి ఏం చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను. వదిన నా ముఖం చూసి కనిపెట్టేసింది.

"అమ్మీ, సింహాచలంలో ఎలగెక్కేనో తెలుసా? అన్ని మెట్లూ చూడలేదు. ఎదరున్న మెట్టుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఎక్కీడం. మళ్ళీ ఇంకో మెట్టు. ఇక్కడ మెట్లు నేవు, అదే నా గోల. ఏది లెక్కో తెలవట్లేదు." చుట్టూ చూసి, ముందున్న వేరు మీద చెయ్యి వేసింది. "ఇది మెట్టనుకుంటాను." వేరుకి దణ్ణం పెట్టి, "అప్పన్నా" అని పైకి లేచింది. మరో వేరు, మరో అప్పన్న. నేను వెనక నుంచి నడుము పట్టుకుని తోశాను, సుకుమార్ భయ్యా ముందు నుంచి చెయ్యి అందించాడు. కాసేపటికి ఆయన కూడా అందుకున్నాడు. బెంగాలీ నోట్లో పడి మా దేవుడు "ఒప్పొన్నా" అయ్యాడు. అడవిలో ముగ్గురం కేకలు పెడుతూ ఎక్కుతుంటే, దిగి వస్తున్న ఇద్దరు విదేశీయులు మాకు దారిచ్చి, వాళ్ళూ "ఒప్పొన్నా" అని వెళ్ళారు.

పన్నెండుకి ఇంకా కాస్త ఉందనగా చెట్లు పొట్టిగా అయ్యాయి. గాలి చల్లబడింది. కొమ్మలన్నిటికీ నాచు వేలాడుతోంది. ఒక బోర్డు కనబడింది. "బస్, ఔర్ కుఛ్ నహీ" అన్నాడు సుకుమార్ భయ్యా. అంతే, పైన ఇంకేం లేదు. అందమైన ఫోటో కోసం వెళ్ళేవాళ్ళకి ముందే చెబుతున్నాను, శిఖరం మీద చెట్లు గుబురుగా ఉంటాయి, మబ్బు కూడా ఉంటుంది. సముద్రం కొమ్మల సందుల్లోంచి ముక్కలుగా కనబడుతుంది. వదినకి ఆ ముక్కలు చాలు. కొంగు ముడి విప్పి, ఇత్తడి దీపాన్ని ఒక రాయి మీద పెట్టి, పొడి వత్తి వేసింది. చేతులు జోడించి, తృప్తిగా, "దీపం కొండెక్కింది" అంది. నేను గట్టిగా ఏడ్చేశాను. ఎందుకంటే సంతోషానికి, ఇంకేం లేదు.

సుకుమార్ భయ్యా అర్థం అడిగాడు. మా భాషలో దీపం ఆరిందని అనరు, కొండెక్కిందంటారని చెప్పాను. ఆయన దీపాన్ని చూసి, "తో జలేగా కబ్?" అన్నాడు. మరి వెలిగేదెప్పుడు? దిగాక, అని చెప్పింది వదిన. దీపాన్ని మళ్ళీ మూట కట్టుకుంది. పార్కులో ఏమీ వదిలి రాకూడదు, దేవుడి సామానైనా.

దిగడం ఎక్కడం కంటే కష్టం, ముఖ్యంగా మోకాలికి. సగం దూరం వదిన కూర్చుని జారుతూ వచ్చింది, మొక్కిన చీర ఆ తరువాత గుడ్డపేలికలకే పనికొచ్చింది. మేం బీచి చేరేసరికి ఆలస్యమైంది, నీళ్ళు అప్పటికే రాళ్ళ మీదికి వచ్చేశాయి. సుకుమార్ భయ్యా కర్రతో లోతు చూస్తూ, అల వెనక్కి పోగానే ఒక్కొక్కరినీ దాటించాడు. ఒకచోట నడుము దాకా తడిశాం. ఆ కాసేపూ నాకు భయం వేసింది, దాచుకోను. ఆఖరి మలుపు తిరిగితే, అవతల ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలో అన్నయ్య. చేతిలో టీ ఫ్లాస్కు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. వదినని చెయ్యి పట్టి ఒడ్డుకి లాగాడు. "ఒడ్డున నిలబడి చూడ్డం ఎలగుంటాదో నాకు ఇయ్యాల తెలిసింది" అన్నాడు. వదిన ఆయన చేతిలోని ఫ్లాస్కు తీసుకుని, "టీ చల్లారిపోనాది" అంది.

పొద్దుగూకేవేళ గెస్ట్ హౌస్ వరండాలో నూనె పోసి, వత్తి వెలిగించింది వదిన. ఎదురుగా నల్లగా సాడిల్ పీక్. నలుగురం, బెంగాలీ దీదీతో సహా, దీపం చుట్టూ కూర్చుని చేపల పులుసు తిన్నాం. కాలీపూర్ గాలి ఊరుకుంటుందా, ఒక్క విసురు విసిరింది. నేను నోరు తెరిచేలోపే వదిన నా వైపు వేలు చూపించింది. "కొండెక్కింది" అన్నాను బుద్ధిగా.

అన్నయ్య నిట్టూర్చాడు. "దాందేటుంది, అది ఎక్కీసింది. నా సంగతే తేలాలి."

"మీకేటయింది?" అంది వదిన.

"నీళ్ళు పెరిగిపోతన్నాయి, మీరు కనబడరు. నా దిమాగ్ పని చెయ్యలేదు. నువ్వు ఒడ్డుకొస్తే నేనూ కొండెక్కుతానని మొక్కీసుకున్నాను."

వదిన అన్నం ముద్ద గిన్నెలో పెట్టేసింది. ఆయన కళ్ళలోకి చూస్తూ అడిగింది: "ఏ కొండ?"

అన్నయ్య సాడిల్ పీక్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. "కొండ అన్నాను. అంతే."

ఎంతసేపు నవ్వామో తెలియదు. వరండా స్తంభానికి ఆనుకుని నవ్విన వదిన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నలభై ఏళ్ళ బరువు దిగిన మనిషి నవ్వు అది. కొండలు మనల్ని పరీక్షిస్తాయని పెద్దమాటలు చాలామంది రాస్తారు. నాకు తెలిసింది చిన్నది. ఒకళ్ళు పైకెక్కితే ఒకళ్ళు ఒడ్డున నిలబడాలి, రెండూ కష్టమే. మా నాన్న ఓడ దిగిన రోజు నుంచి మా ఇంట్లో ఎవరో ఒకరు ఒడ్డున నిలబడి ఎదురుచూస్తూనే ఉన్నారు. ఎదురుచూసినవాళ్ళకి ఎదురుగా ఉన్నది ఈ కొండే. అది అప్పన్న కొండా కాదా అనే తగవు నాకు లేదు. వదినకి ఆపరేషన్ బాగా జరిగింది. అన్నయ్య ఉప్పు మూటలు కొంటున్నాడు, ముందుజాగ్రత్తగా విశాఖపట్నం ఓడ ఎప్పుడుందో కూడా కనుక్కుంటున్నాడు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. వానలు వెనకపట్టిన నెలల్లో వెళ్ళండి, పొద్దున్నే బయలుదేరండి, ఇవన్నీ గైడు చెబుతాడు. గైడు చెప్పనిది నేను చెబుతున్నాను: మొక్కుకునేటప్పుడు కొండ పేరు చెప్పి మొక్కుకోండి.